చుక్కగుర్తు

నల్లగొండ ల్యాబుల నాకు ఒప్పజెప్పిన పని
నీళ్లను పరీక్ష చేసుడు కాదు,
నీళ్ల మీద రాసిన కాయితాన్ని తెలుగు చేసుడు.
"డిగ్రీల తెలుగు తీసుకున్నవంట గద" అన్నడు వహీద్ సార్,
టీ గ్లాసు అంచు మీది ఈగను ఊదుకుంట.

ఒక పట్టిక. నిలువు గళ్లు రెండు.
ఒకదాని నెత్తిన డిజైరబుల్,
ఇంకోదాని నెత్తిన పర్మిసిబుల్.
ఫ్లోరైడ్‌కు ఎదురుంగ ఒకటి, ఒకటిన్నర.
ఆ అర మధ్యల ఎవలు కాపురముంటరో
డిక్షనరీ చెప్పలే.

కోరదగినది అని రాసిన.
పక్క గడిల అనుమతించదగినది అని రాసి ఆగిన.
ఎవలు ఎవలకిచ్చిన అనుమతి ఇది?
నీళ్లు ఎముకలకా, ఆఫీసు నీళ్లకా?
రెండు మాటలకూ ఒక్కటే తోక,
దగినది, దగినది.
తోక పట్టుకుంటె ఏది ఎద్దో ఏది దూడో తెలుస్తలేదు.

తెల్లారి కిట్టు సంచి భుజానేసుకుని
మర్రిగూడ దాటి లోపలికి పోయిన.
బోరింగు గద్దె మీద ఈదమ్మ కూసున్నది.
పిలిస్తే మెడ తిప్పలే,
మనిషంత తిరిగి చూసింది,
బండిని మలిపినట్టు.

గాజు గొట్టంల నీళ్లు, మీద నాలుగు చుక్కల మందు.
గులాబి రంగు చూస్తుండంగనే
పసుపుకు తిరిగింది.
రంగుల పట్టీ పక్కన పెట్టి సరిచూసిన,
నాలుగు పాయింట్ రెండు.
"పసుపంటె శుభమే గద బిడ్డా" అన్నది ముసల్ది.
నవ్వుతున్నదో లేదో తెల్వది,
పండ్ల మీద గార
అన్ని నవ్వులను ఒక్క తీరుగ చేసింది.

కాయితం తీసి, గా రెండు మాటలు చెప్పి
ఫరక్ ఏందో అడిగిన.
ఎందుకడిగిన్నో నాకే తెల్వదు.
ఆమె మాత్రం జాగు చెయ్యలే.

"నా పెనిమిటి తాగకుంట ఇల్లు చేరిండనుకో, అది కోరేది.
తాగొచ్చి సప్పుడు చెయ్యకుంట మూలకు పండిండనుకో,
అది సైసేది.
తాగొచ్చి కూరసట్టి పలగ్గొడితె?
దానికి మీ కాయితంల గడి ఉన్నదా?"

చూసిన. లేదు.
ఒకటిన్నర తర్వాత కాయితం అయిపోయింది,
తెల్ల అంచు, అంచు అవుతల నా బొటనవేలు.

రెండో గడిల ఒకటిన్నర భుజం మీద
చిన్న చుక్కగుర్తు ఉన్నది.
దాని గురించి పేజీ అడుగున, చీమతలంత అచ్చుల,
వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే అని.
రెండు సార్లు చదివి వినిపించిన.
"గట్లంటె మమ్ముల గుర్తువెట్టుకునే రాసిండ్రు" అన్నది ఈదమ్మ,
"గంత కింద రాసిండ్రు గని."

ఆఫీసుల కోరేది, సైసేది అని రాసిచ్చిన.
వహీద్ సార్ ఎర్ర పెన్నుతోని కొట్టేసి
వాంఛనీయ పరిమితి, అనుమతించదగిన పరిమితి అని దిద్దిండు.
దిద్ది, కొట్టేసిన మాటల దిక్కు ఇంకోసారి చూసి
"మా అమ్మ గూడ సైసుడు అంటుండె" అన్నడు.
పోస్టరు అచ్చయింది.

ఆరేండ్లయినంక మళ్ల పోయిన.
కృష్ణ నీళ్లొచ్చినయి, ఇంటింటికి నల్లా.
ఈదమ్మ వాకిట్ల పట్టి చూస్తే
పాయింట్ ఆరు, గులాబి రంగు చెక్కు చెదరలే.
మొదటి గడిల నిండు మనసుతోని రాసుకున్న.
ఆమె మోకాళ్లకు గడి ఎతకలే,
ఆ పట్టిక నా దగ్గర లేదు.

సంచి సర్దుకుని ఎనకకు చూసిన.
గద్దె కాడ ఈదమ్మ.
ఎవలన్న చూస్తున్నరా అని
మనిషంత ఒక చుట్టు తిరిగి,
ఎర్ర రంగు పూసిన బోరింగును నాలుగు సార్లు కొట్టి
దోసిలి పట్టింది.

నన్ను చూసి దాచలే.
"నల్లా నీళ్లు సప్పగున్నయి బిడ్డా,
పానం దీన్నే కోరుతది" అన్నది,
మోచేతి నుంచి నీళ్లు కారంగ.