పచ్చగా ఉన్న రోజు

మా తైవాన్‌లో ఎరుపంటే లాభం.
నష్టం ఆకుపచ్చగా ఉంటుంది.
షిన్చూకి కొత్తగా వచ్చినవాళ్లెవరైనా
మా బ్రోకరు హాల్లో గోడనిండా వెలిగే బోర్డు చూసి
"అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అంటే
వెనక వరస ముసలాళ్లంతా తల తిప్పి చూస్తారు,
పెళ్లి ముహూర్తానికి తుమ్మినవాణ్ణి చూసినట్టు.

ఆ నవంబరులో బోర్డు పైనుంచి కిందిదాకా పచ్చే.
చిప్పులు పచ్చ, తెరలు పచ్చ,
చిప్పుల్ని పరీక్షించే సూదులు చేసే కంపెనీ కూడా పచ్చ.
నేను మూడో కిటికీ గుమాస్తాని.
అమ్మకం చీటీల మీద ముద్ర కొట్టీ కొట్టీ
నా బొటనవేలికి సిరా అంటుకుంది.
ఆ వేళ హాలు మొత్తానికి ఎరుపు అదొక్కటే.

చియెన్ పావ్-జు గారు అమ్మడానికి రాలేదు.
ఆవిడ ఆగస్టులోనే అమ్మేసింది.
"ఎవరు చెప్పారండీ?"
"బట్టలు."

ఆవిడది లాండ్రీ.
దుమ్ము సోకకూడని గదుల్లో ఇంజనీర్లు తొడుక్కునే
తల నుంచి మడమ దాకా తెల్లటి దుస్తులు
రోజుకి తొమ్మిది వందల జతలు వచ్చేవట.
జూన్‌లో ఏడు వందలు.
జూలై చివరికి నాలుగు వందల పది.
టీవీలో నిపుణులింకా గిరాకీకి ఢోకా లేదంటుండగానే
ఆవిడ డ్రయ్యర్లు రెండు చల్లబడ్డాయి.

ఇప్పుడు చేతిలో డబ్బుంది, పెట్టే చోటు లేదు.
"దిండు కింద దాస్తే అదీ పచ్చబడుతుంది, కాకపోతే నిదానంగా"
అని లెక్కల పుస్తకం, సగం అరిగిన పెన్సిలు పట్టుకుని
వారం రోజులు ఊరంతా తిరిగింది.
జనం ఏది మానుకోలేరో చూడటానికి.

ఆదివారం నేనూ వెంట వెళ్లాను.
వెదురు తడికల మీద బియ్యపు సేమ్యా ఆరుతోంది,
మా ఊరి గాలి దానితో పోట్లాడుతోంది.
"ఈ గాలి కంపెనీ ఎవరిదో కనుక్కో, ఉన్నదంతా పెట్టేస్తాను" అంది.
సాయంత్రం పాట పెట్టుకుని చెత్తబండి వచ్చింది.
మేడల మీంచి అందరూ సంచులతో పరుగు.
ఉద్యోగం పోయినవాళ్లూ పరుగే.
వాళ్ల సంచులేమీ తేలిగ్గా లేవు.
ఆవిడ ఆగి, పెన్సిలు తడి చేసుకుని, ఏదో రాసుకుంది.

కరెంటు తీగల కంపెనీ బావుందన్నాను.
"వాళ్ల బట్టలెవరు ఉతుకుతారు?" అంది.
నాకేం తెలుసు?
మర్నాడు బస్సెక్కి వెళ్లి తనే అడిగొచ్చింది.
అంత్యక్రియల కంపెనీ డివిడెండు చూపించాను.
"అందులో లాభం చేతికొచ్చేలోపు
నేనే సరుకునైపోతాను నాయనా" అని చీటీ వెనక్కి తోసింది.

చివరికి కొన్నవి: చెత్త కంపెనీ, కొద్దిగా తీగలు,
ఇంకా ఒక పాత సోయా సాస్ కంపెనీ.
పదేళ్లుగా ఆ షేరు లేచి కూర్చున్నది లేదు, పడుకున్నదీ లేదు.
"వాటాదారుల మీటింగుకి వెళ్తే సీసా ఇస్తారు.
ధర పడినా సీసా పడదుగా."

డిసెంబరులో ఒక కుర్రాడు, యూ కాయ్-హోంగ్,
ఫ్యాక్టరీ తాలూకు ఖాళీ సంచులు అప్పజెప్పడానికి
ఆవిడ లాండ్రీకి వచ్చాడట. అదే అతని చివరి పని.
పోతూ పోతూ ఒక చిరుతిండి పొట్లం బల్ల మీద పెట్టాడు.
పచ్చరంగుది.
అది కంప్యూటరు నెత్తిన పెడితే
యంత్రం మొరాయించకుండా నడుస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం.
పచ్చదే ఉండాలి. గడువు తేదీ దాటకూడదు.

ఆ పొట్లం ఇప్పుడు నా కంప్యూటరు మీద ఉంది.
ఆవిడే తెచ్చి పెట్టింది.
నేనెప్పుడూ చెప్పలేదు,
నా రెండేళ్ల జీతం ఇంకా ఆ చిప్పుల్లోనే ఉందని.
నా బొటనవేలి వంక చూసిందో, ముఖం వంక చూసిందో.

పొట్లాన్ని తిప్పి, కళ్లద్దాలు పైకి తోసి చదివింది.
"మార్చి దాకా గడువుంది" అంది.
హాల్లో ఎవరో దగ్గారు.
బోర్డు ఇంకా పచ్చగానే ఉంది.