వాలు

హోబర్ట్‌లో జులై. ఐదింటికే చీకటి.
డెర్వెంట్ మీంచి వచ్చే గాలికి
లైబ్రరీ రెండో అంతస్తు కిటికీ
పళ్లు పటపట కొరుకుతోంది.

నా ముందు పదకొండు వందల నలభై రెండు ఎంట్రీలు,
హెస్టర్ ముప్పై ఏళ్లుగా కూడబెట్టిన సముద్రపు నాచు.
రచయిత, సంవత్సరం, శీర్షిక, పేజీలు
అన్నీ ఉన్నాయి.
ఒక్క వాలే లేదు.

ప్రాణమున్నదాని లాటిన్ పేరు పక్కకి వాలాలిట,
పత్రిక వాళ్ల పట్టుదల.
ముందొక కోణం, అందులో చిన్న ఐ,
వెనకొక కోణం, అందులో గీత, మళ్లీ ఐ.
రెండు పుల్లలు పాతి మధ్యలో తడిబట్ట ఆరేసినట్టు
మాక్రోసిస్టిస్ పైరిఫెరా.
గడిలో ఉన్నంతసేపూ కొయ్యలా ఉంటుంది,
కాగితం మీదికి దించితేనే ఒరుగుతుంది.
గాలికి వంగిన వరిలా, అనబోయి ఆగాను.
వరి కాదు.
నీటి కింద ముప్పై మీటర్ల అడవి అది,
ఒరగడమే దాని నిలబడటం.

కార్బన్ డయాక్సైడ్‌లో రెండుని కిందికి దించడానికి మాత్రం
చెయ్యి తడుముకోలేదు.
వొత్తు పెట్టడం నాకు ఎవరు నేర్పాలి?
ఐదేళ్లకే పలక మీద అక్కని రాస్తూ
క కింద ఇంకో క వేలాడదీసినదాన్ని.
పెద్దక్షరాల దగ్గరే చిక్కు.
టాస్మానియాని కూడా చిన్నక్షరంతో మొదలుపెడుతుందీ సాఫ్ట్‌వేర్,
ఊరికీ ఊరగాయకీ తేడా తెలియనట్టు.
మా లిపిలో ఎవరికీ పెద్దరికం లేదు,
దానికి నేనేం చెప్పను?

హెస్టర్ టీ పట్టుకొచ్చింది. వేళ్లకి అయొడిన్ వాసన.
ఎనిమిది వందల ఏడు దగ్గర ఆగి ఉన్నాను.
అది పుస్తకం, శీర్షిక మొత్తం వాలుగా పోవాలి.
లోపలి నాచు పేరుకీ అలవాటుగా కోణాలు తగిలించాను.
దించి చూస్తే
చుట్టూ మాటలన్నీ ఒరిగి ఉన్నాయి,
ఆ రెండు మాటలూ
నిటారుగా నిలబడ్డాయి.

తప్పనుకుని చెరపబోయాను.
ఉంచు, రూలే అది, అంది.
అందరూ ఒరిగినచోట అది లేచి నిలబడకపోతే
ఎవరికి కనపడుతుంది?

తర్వాత కిటికీకేసి చూస్తూ, మామూలుగానే,
తూర్పు తీరంలో తను మొదటిసారి మునిగినచోట ఇప్పుడు
బోడిరాళ్లూ, ముళ్లబంతుల్లాంటి అర్చిన్లూ తప్ప
ఏమీ లేదని చెప్పింది.

టీ చల్లారింది. ఎనిమిది వందల ఎనిమిది.
ముందు కోణం, ఐ, పేరు.
వెనకది పెట్టకపోతే ఏమవుతుందో తెలుసు.
పేరు తర్వాత మాటలు కూడా ఒరిగిపోతాయి,
ఒకదాని వెనక ఒకటి, శీర్షిక చివరిదాకా.

కాసేపు మూయలేదు.