అప్పు తెచ్చుకునే లెక్క

కొండపి దారిలో, మా పాలెం చివర,
కాల్చడం మానేసిన పొగాకు బ్యారను మా బడి.
ఆదివారం అదే మందిరం.
శనివారం పొద్దుగూకాక పలకలు మూలకి నెట్టి
చాపలు పరుస్తాం.
ఎన్ని పూతలు సున్నం కొట్టినా
గోడల్లోంచి ఆకు వాసన పోదు.
ప్రార్థన మధ్యలో ఎవరైనా దగ్గితే
పాపం గుర్తొచ్చిందంటాడు మా ఆయన.
పొగాకు గుర్తొచ్చిందంటాను నేను.

ఊళ్ళో బడి ఎత్తేసి రోడ్డవతల బడిలో కలిపాక
నహూముని పది రోజులు పంపాను.
న, న, న... అక్కడే ఆగిపోయే వాడి పేరుని
పిల్లలు చప్పట్లు కొట్టి పాడారట.
పదకొండో రోజు నేనే పంపలేదు.
ఇంటరు తప్పినదాన్ని, టీచరమ్మనయ్యాను.
తిర్సా సైకిలు మీద వెళ్ళొస్తుంది.
సాయంత్రం వచ్చి, తమ్ముడికి నేను చెప్పిన తప్పులు
ఎర్ర పెన్సిలుతో దిద్దుతుంది.

మా గణితం గుప్పెడు బియ్యం.
ఎసట్లో పోసే ముందు ఇంటింటా ఒక గుప్పెడు
దేవుడి పేరున తీసి డబ్బాలో వేస్తారు.
ఆ డబ్బాలే మా జీతం.
సోమవారం మూతలు తీసి, గిద్దతో కొలిచి,
పేరు పేరునా నోటుబుక్కులో ఎక్కించడం నహూము పని.
ఇవి కోటా బియ్యం. ఇవి సన్నాలు, మేస్త్రీ వాళ్ళవి.
వేపాకు వాసనొస్తే మాలకొండమ్మవి.
గింజ చూసి ఇల్లు చెప్పేటప్పుడు
వాడికి నత్తి రాదు.

బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోమంటే
"పిలిస్తే పలికేది ఈ పేరుకే గదయ్యా,
దేవుడు పిలిచినా అంతే" అన్న మనిషి మాలకొండమ్మ.
ఈ ఏడు వేలంలో ధర పడిపోయి
గ్రేడింగుకి ఆడోళ్ళని ఎవరూ పిలవలేదు.

పోయిన నెల ఆమెవి నలభై ఒక్క గిద్దలు.
ఈ నెల పద్నాలుగు.
"ఎంత తగ్గింది, తీసివెయ్యి."
ఒకట్లోంచి నాలుగు పోదన్నాడు.
పక్కింట్లో అప్పు తెచ్చుకోమన్నాను.
తెచ్చుకున్నాడు. ఇరవై ఏడు.
"మ... మళ్ళీ ఎప్పుడిచ్చేస్తారమ్మా?"
తీసివేతల్లో ఎవరూ తిరిగివ్వరురా అన్నాను.
నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అప్పుడు డబ్బా బోర్లించాడు.
అడుగున ఏడు గులకరాళ్ళు.
అందరి ముందూ మోసుకొచ్చేటప్పుడు
చేతిలో బరువు తెలియాలని కాబోలు.
"రా... రాళ్ళు కూడా ఎక్కించనా?"

నేను పొయ్యి దగ్గరికెళ్ళి
లేని మంటని ఊదాను.

తిరిగొచ్చేసరికి వాడు గిద్ద పట్టుకుని లెక్కపెడుతున్నాడు.
ఇరవై ఏడు.
డబ్బాలో పట్టినంత పోసి
మిగతాది వాళ్ళ నాన్న తువ్వాల్లో మూటకట్టాడు.
నేను ఆపలేదు.
ఆ వారమంతా మాకు జొన్న సంగటి.

వీధి మలుపులో నిలబడి విన్నాను.
"డ... డ... డ..."
మాలకొండమ్మ గడప మీద కూర్చుంది.
"నిదానంగా చెప్పు నాయనా,
నాకేమన్నా బస్సు టైమయిందా?"
"డబ్బా మా... మారిపోయింది."
"మరి తువ్వాలో?"
కాసేపు ఆలోచించాడు.
"తు... తువ్వాలు కూడా."

రాత్రి మా ఆయనకి చెప్పాను.
బిడ్డకి అబద్ధం నేర్పానంటాడనుకున్నాను.
ప్రసంగం కాగితం మడిచి పక్కన పెట్టి
చాలాసేపు పడుకోలేదు.
వచ్చే ఆదివారం ఏం చెప్పాలో
ఇంకా తేలలేదట.

నోటుబుక్కులో ఆమె పేరుకెదురుగా
వాడు ఎక్కించింది నలభై ఒకటే.
తిర్సా దాన్ని చూసి పెన్సిలు తీసింది,
మళ్ళీ చెవి వెనక పెట్టుకుంది.

ఆ ఏడు రాళ్ళూ కడిగి ఆరబెట్టి
పదుల స్థానంలో వాడుకుంటున్నాం.
మొన్న ఒకటి కనిపించకుండా పోయింది.
చాపలన్నీ దులిపి వెతికాం.