తప్పిన వేలు

డబ్బు కోసమే అని రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు.
ఇంటి కప్పు కారుతున్న మాట నిజం.
వంటింట్లో మూడు గిన్నెలు మూడు శ్రుతుల్లో
టప్పు టప్పుమంటున్న మాట నిజం.
పాత చింతకాయ పచ్చడే అని కూడా రాసుకోండి.

ఇరవై రెండేళ్ళు ఆ పాట ముట్టుకోలేదు.
గ్రిమ్స్‌బీ రేవులో పనిచేసినవాణ్ణి
చేపల వాసన ఎలా వదలదో
అలా వదలని పాట.
బార్లో ఎవడో తాగి అడిగితే
లేచి వెళ్ళి వర్షంలో నిలబడ్డాను.
పెళ్ళిళ్ళలో అడిగితే చెయ్యి బెణికిందన్నాను.
కొత్తవి చేశాను, తొమ్మిది ఆల్బములు.
ఒక్కొక్కటీ ముందుదానికన్నా తెలివైనది,
ఒక్కొక్కటీ ముందుదానికన్నా
ఎక్కువ ఖాళీ కుర్చీలు విన్నది.

పోయిన జనవరిలో బాయిలర్ ఆగిపోయింది.
బాగుచేయడానికి వచ్చిన కుర్రాడికి నేనెవరో తెలీదు.
మెట్ల కింద అల్మరాలో తల దూర్చి
పైపు బిగిస్తూ ఈల వేస్తున్నాడు.
నా పాటే.
చేతిలో టీ చల్లారేదాకా నడవాలో నిలబడ్డాను.
మూడో వరుస చివర
పైకెక్కాల్సిన చోట ఎక్కకుండా
అర మెట్టు కిందికి జారింది ఈల.
సరిగ్గా అక్కడే.

ఇది ఎవరికీ చెప్పలేదు.
డెబ్బై ఎనిమిది ఫిబ్రవరి. హల్ పొలిమేరలో
కోళ్ళ షెడ్డు లాంటి స్టూడియో, హీటరు లేదు.
గంటకు ఆరు పౌండ్లు. మా దగ్గరున్నవి పద్నాలుగు.
అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు.
ఆఖరి టేకు. వేళ్ళు కొంకర్లు పోయాయి.
ఉంగరపు వేలు జారి పక్క మెట్టు మీద పడింది.
అపస్వరం. పచ్చి అపస్వరం.
నా గుండె ఆగిన ఆ అరక్షణంలో
బేస్ వాయిస్తున్న ఆల్ఫ్ బ్రాకిల్స్‌బీ
నా వైపు చూడనైనా లేదు.
తన వేలు కూడా కిందికి దించి
నా తప్పు కింద నేల పరిచాడు.

పడ్డవాణ్ణి లేపలేదు.
పక్కనే తనూ పడ్డాడు,
ఇద్దరం కావాలనే పడ్డట్టు.

జనం వెర్రెత్తిపోయింది దానికే.
అదేదో పాత నావికుల బాణీ ఛాయ అని
పెద్ద పత్రికలో ఒకాయన రాస్తే
కడుపుబ్బ నవ్వుకున్నాం.
ఆ తర్వాత పోట్లాడుకున్నాం,
వ్యాను గురించి, వాటాల గురించి,
ఎవరి పేరు ముందుండాలన్న దాని గురించి.
ఆల్ఫ్ రేవులో ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి పోయాడు.
అంత్యక్రియలకు వెళ్ళాను.
చివరి వరుసలో, కోటు విప్పకుండా.
పెట్టె కదులుతుంటే ఆ పాటే పెట్టారు,
తర్వాతి కుటుంబం బయట ఎదురుచూస్తోందని
తప్పు రాకముందే ఆపేశారు.

బాయిలర్ వెలిగింది.
"చివర అలా దించావేం?" అన్నాను, డబ్బులిస్తూ.
"దించడమేంటండీ," అన్నాడు కుర్రాడు,
"ఆ పాట అంతే."

ఇప్పుడు బేస్ వాయించేది టాన్సీ, ఇరవై ఆరేళ్ళ పిల్ల.
రికార్డు విని నేర్చుకుంది,
తప్పుని తప్పని తెలియకుండా,
పిల్లలు ఎక్కాలు బట్టీ పట్టినట్టు.
నేను చెప్పలేదు. చెప్పను.

స్కెగ్నెస్, స్కార్‌బరో, సముద్రపు గాలికి
తలుపులు కొట్టుకునే హాళ్ళు.
నెరిసిన తలలు, బట్టతలలు,
తాతల చొక్కాలు తొడుక్కుని వచ్చిన మనవలు.
నా ఉంగరపు వేలు ఇప్పుడు సరిగా వంగదు.
ఆనాడు చలి ఊరికే చేసిపెట్టిన తప్పు కోసం
రోజూ పొద్దున్నే అరగంట సాధన చేస్తాను.

మూడో వరుస చివరికొస్తాను.
ఎక్కాలి.
ఎక్కను.
హాలంతా నాకన్నా ముందే జారుతుంది.
నేను మాత్రం ఎడమ పక్కకు చూడను,
వాడు నన్ను చూడలేదు గనక.
బూట్ల కింద చెక్క సన్నగా అదురుతుంది.
అక్కడ
నేల ఉంటుంది.