ఇతర ఖర్చులు

వార్షిక నివేదిక, ముప్పయ్యారో పేజీ:
గెడ్డలోకి వదిలిన వ్యర్థజలాలు – సున్న.
ఆ సున్న టైపు చేసింది నేనే,
రణస్థలం ఆఫీసులో, ఏసీ చలికి చేతులు రుద్దుకుంటూ.

మార్చిలో కారి గురువులు గేటు ముందు తట్ట దించాడు.
వెల్లకిలా తేలిన కొర్రమీనులు.
"రాసుకో బావూ. నీ బుక్కులో ఇవి ఏ పక్కనేస్తావు?"
జమా?
ఖర్చా?
నా దగ్గర పద్దే లేదు.

ఈ రాత్రి వోచర్లు సరిచూస్తుంటే
'ఇతర ఖర్చులు' కింద, టీలకీ పూలదండలకీ మధ్య
ఒక బిల్లు:
సిబ్బంది తాగడానికి
చీపురుపల్లి నుంచి
నెలకి నాలుగొందల క్యాన్ల నీళ్లు.

మొత్తం కుదిరింది. పైసా తేడా లేదు.
ఎర్ర పెన్సిలుతో ఆ బిల్లు మూల
రాశాను:
ముప్పయ్యారో పేజీ చూడుము.