ఎడంచేతి టేపు

పొద్దు పొడవకముందే
రేణవ్వ మిర్చితోటల మూడుకాళ్ల స్టాండు నిలవెట్టినం,
శాయంపేట అవతల.
కేసింగు మీది ఇనుపమూత లేపంగనే
లోపల్నుంచి సల్లటి ఊపిరి.
తుప్పు, తడిమట్టి, ఇంకేదో.

మూడు దినాలాయె మోటరు మూగవోయి.
స్టార్టరు బుడ్డి ఒత్తుడే ఆలస్యం, దబ్బున పడిపోతాంది.
"కాలింది" అన్న.
"సూడకుండ ఎట్ల జెప్తవ్ బిడ్డా" అన్నది రేణవ్వ.
నిజమే.

క్లాంపు బిగించు, రెంచి తిప్పు,
పైపును పక్కకు పండవెట్టు.
ఒకటి. రెండు.
గట్టు బండమీద సాంబరాజు సుద్దతోని గీతలు గీస్తాండు,
గీతకు ఇరవై ఫీట్లు.
నాలుగో పైపు నడుమ ఒక పాత నీళ్లమరక,
తొమ్మిదో పైపు మీద ఇంకా ఆరని తడి.
ఆ రెంటి నడుమ దూరాన్ని
రేణవ్వ చూపుతోనే కొలిచింది,
ఏం మాట్లాడలె.

పదిహేడు.
ఒళ్లంత తెల్లటి సౌడు పట్టి
మోటరు వెల్తుర్లకొచ్చింది.
కాలిన వార్నిషు కంపు.

కేబుల్ జాయింటు కొయ్యబోయి
బ్లేడు ఆపిన.
టేపు ఎడమకు తిరిగింది.
మేమందరం కుడికే చుడ్తం.
ఎడమకు చుట్టేటోడు ఒక్కడే,
పరకాల బస్టాండు ఎన్క రేకుల షెడ్డుల
యాకూబ్ ఉస్తాదు.
కుడిచేతి రెండు వేళ్లు ఎప్పుడో చైన్ కప్పీ మింగింది.
"సగం మీద సగం, గుంజుకుంట చుట్టు.
నీళ్లకు ఓపిక ఎక్కువరా,
నీకు అంతకన్న ఎక్కువుండాలె."
ఆయన మట్టిలకు పోయి నాలుగేండ్లు.

"ఇదెప్పుడు ఏపిచ్చినవ్ అవ్వా?"
"మా మనుమరాలు యాకమ్మ పుట్టిన ఏడు. పదకొండేండ్లు.
పైసలు లేవంటె బస్తెడు మిర్చి తీస్కపోయిండు ఆ ముసలాయన.
తెల్లారి సగం బస్త మళ్లీ పంపిండు,
ఇంత కారం ఎవలు తింటరని."

పొర ఎన్క పొర ఇప్పిన.
లోపల రాగి నిన్న గీకినంత ఎర్రగుంది.
ఒక్క చుక్క దూరలె.

కాలింది వైండింగే.
ఆ ఏడు ఆ షెడ్డుల
చుట్లు లెక్కతప్పుకుంట, మళ్లీ మొదలువెట్టుకుంట
నేను చుట్టిన మొట్టమొదటి వైండింగు.
రేణవ్వకు చెప్పలె.

పరకాల పోయి కొత్త తీగ చుట్టిచ్చుకొచ్చేసరికి
మాపటాళ్ల అయింది.
జాయింటుకాడ కూసొని
టేపు ఎడంచేతిలకు తీసుకున్న.
జారింది. ముడతవడ్డది. పీకి పారేసి మళ్ల చుట్టిన.
"ఎడంచేత్తోని ఎందుకన్నా?" అన్నడు సాంబరాజు.
"టార్చి సక్కగ పట్టు."

పైపు దించుకుంట పోతాంటె
వాడు గీతకొక్కసారి
అరచేత్తోని తుడుసుకుంట వచ్చిండు.

స్విచ్చు రేణవ్వే ఒత్తింది.
ముందు గాలి దగ్గింది,
తర్వాత ఎర్రనీళ్లు,
శానసేపు ఎర్రనీళ్లే.
పైపుమూతికి అరచెయ్యి అడ్డంపెట్టి
బలం చూసింది.

"ఎన్నేండ్లస్తది బిడ్డా?"
"జాయింటయితే పదకొండు."
"మరి మోటరు?"
నేను రెంచీలు తుడుసుడు మొదలువెట్టిన.