పోయినేడు రేటు

బంగారుపాళ్యం దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ కాటా ముందర
తెల్లారి నాలుగింటికే నూటపది ట్రాక్టర్లు.
రాత్రి పిడుక్కి కంప్యూటరు పోయిందంట.
ఫోన్లో మేనేజరు పురుషోత్తం గొంతు విరిగిన పాల మాదిరి ఉండాది.
"మరకతమ్మా, బిన్నా రామ్మా, కాయ మాగిపోతా ఉండాది."

నేను పోయేసరికి
తోతాపురి వాసన రోడ్డుకి అడ్డంగా పడుకోనుంది.
ట్రాక్టర్ల కింద దుప్పట్లు, దుప్పట్ల కింద మనుషులు,
చొక్కా జేబుల్లో చెమటకి మెత్తబడిన టోకెన్లు.

పాత డిస్కుని చెవి దగ్గర పెట్టుకోని ఊపినా.
ఎండు చింతకాయలో గింజ కదిలినట్టు లొటలొట.
ఇంక ఇది పలకదు.

పోయినేడు జూలైలో నేనే తీసిన ఇమేజి ఒకటి ఉండాది.
బీరువాలో నల్ల డ్రైవు,
దాని నెత్తిన ఆయుధపూజ నాటి కుంకుమ బొట్టు.
అందులో ఉండేది ఫైళ్ళు కావు, ఫోటోలు కావు.
ఆ పొద్దు ఆ యంత్రం ఎట్లుందో అట్లనే,
కాటా ప్రోగ్రాము, తెర మీద ఎవరో పెట్టిన వినాయకుడు,
ప్రింటరు మొండితనంతో సహా
ఒకే ముద్దగా తీసిన అచ్చు.

కొత్త డిస్కు పెడితే పట్టదనింది.
పాతది అయిదొందలు, ఇది రెండొందల నలభై.
లోపల సరుకు సగం కూడా లేదు గానీ
అది అడిగేది కడవ సైజు, నీళ్ళ లెక్క కాదు.
చిత్తూరికి స్కూటర్లో మనిషిని పంపించి పెద్దది తెప్పించినా.

రెండోసారి, ఇమేజి కనబళ్ళేదనింది.
కళ్ళెదురుగానే డ్రైవు, దాని దీపం మినుకుమంటానే ఉంది.
వెతికితే తెలిసింది.
లెక్కల పిల్లోడు భువనేషు, సర్దుతానని,
దాన్ని 'పాత సామాన్లు' అనే ఫోల్డర్లో తోసినాడు.
అటకెక్కించి పిలిస్తే ఎవురు పలుకుతారు?
బయటికి లాగి డ్రైవు మొగదల్లో పెట్టినా.
పలికింది.

నాలుగు శాతం.
పదకొండు.
టీ వచ్చింది, మీగడ కట్టింది.
ముప్పైయొకటి దగ్గర ఆగి, కదల్లేదు.
కిటికీ కమ్మీల్లో మొహాలు. "ఎంతమ్మా?"
"ముప్పైయొకటి" అన్నా.
ఆ మాట ట్రాక్టరు మీంచి ట్రాక్టరు మీదికి దూకి
హైవే మలుపు దాకా పోయింది.
కడాన ఉండేవాళ్ళకి చేరేసరికి అది రేటయింది.
ఇద్దురు పరిగెత్తుకోని వచ్చినారు, కిలో ముప్పైయొకటా అని.
నవ్వలేకపోయినా.

తొమ్మిదిన్నరకి నూరు.
తెర వెలిగింది. తేదీ ఇవాళ్టిదే.
కాటా ప్రోగ్రాము మాత్రం పోయినేట్లోనే నిద్ర లేచింది.
బయట బోర్డు మీద ఎర్రటి అంకెలు:
కిలో పన్నెండు.

ఒక్క గడియ ఎవురూ ఏమీ అన్లేదు.
మళ్ళీ ఎక్కడో ఒక ఈల.
మొదటి టోకెను దొరసామిది. కాటా మీదికి ట్రాక్టరెక్కించి
దిగకుండానే అన్నాడు,
"అమ్మా, దాన్ని అట్లనే ఉండనీ. మా కాయ తూకమెయ్యి.
మద్దేన్నం మార్చుకుందువు."
నవ్వతానే అన్నాడు. వెనకాల ఒక్కరూ నవ్వలేదు.

పురుషోత్తం నా ముందర చీటీ పెట్టినాడు. అయిదు.
"ఉండన్నా, ప్రింటరు చూడాల" అన్నా.
చూడాల్సిన పనేమీ లేదు.
మూడువేల రెండొందల నలభై కిలోలు.
చీటీ కిరకిరమంటా వచ్చింది:
ముప్పై ఎనిమిదివేల ఎనిమిదొందల ఎనభై.
పైన నా చేత్తోనే రాసినా, ట్రయలు అని.

తర్వాత అయిదు కొట్టినా.
పదహారువేల రెండొందలు.
దొరసామి రెండో చీటీ తీసుకోని క్యాషు కిటికీ దగ్గరికి పోయినాడు.
మొదటి చీటీ కూడా అడిగి తీసుకున్నాడు.
అది చెల్లదని ఆయనకి నేను చెప్పాల్నా?

సాయంత్రం ట్రాక్టర్లన్నీ ఖాళీ అయినాక
కొత్త ఇమేజి తీసినా. అది నా పద్ధతి.
ఇప్పుడు ఆ నల్ల డ్రైవులో, బొట్టు కింద, ఉండేది అయిదు.
మళ్ళీ ఎప్పుడో పిడుగు పడి, నేనో ఇంకొకరో దీన్ని తెరిస్తే
ఆ అయిదుని చూసి కూడా
ఎవరో ఒకరు ఈల వేస్తారేమో.